అట్టలమ్మ రాత్రి పుస్తకాలు

ఆ గ్రంథాలయంలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా వినబడేది కాదు. అందరికీ ఆవిడ అట్టలమ్మ. చిరిగిన పుస్తకాలకి వీపు కుట్టి, కొత్త అట్ట వేసి, నంబరు చీటీ అంటించి మళ్ళీ అరల్లో సర్దడం ఆవిడ పని. ఇరవై నాలుగేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ, అదే జిగురు గిన్నె. "ఇక్కడున్న సగం పుస్తకాలకి చొక్కా తొడిగింది నేనే" అని చెప్పుకునేది.

సాయంత్రం ఐదు కొడితే మాత్రం ఆవిడ ఆగేది కాదు. కుట్టు సగంలో ఉన్నా సరే, సూది అక్కడే గుచ్చి లేచిపోయేది. ఎవరైనా అడిగితే దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా అని నవ్వేసేది. కోళ్ళు గూటికి చేరే వేళైంది, అట్టలమ్మ లేచింది అని తోటివాళ్ళు వేళాకోళమాడేవారు. ఒకప్పుడు ఆవిడ తండ్రిని కూడా ఇదే మాట అన్నారు. ఆయన దర్జీ. వీధిలో దీపాలు వెలగకముందే కొట్టు మూసేసేవాడు. పెళ్ళాం కొంగు వదిలి ఉండలేడని వీధంతా నవ్వుకునేది. చివరి రోజుల్లో ఆయనకి పట్టపగలు కూడా చూపు పోయింది. వంగి వంగి కుట్టడం వల్ల పోయిందని ఇంట్లో సరిపెట్టుకున్నారు తప్ప ఎవరూ డాక్టరుకి చూపించలేదు.

అసలు సంగతేమిటంటే, పొద్దు గూకితే అట్టలమ్మకి కళ్ళు కనబడవు.

ట్యూబులైటు కింద ఏ ఇబ్బందీ లేదు. వెలుతురు పలచబడితేనే చిక్కు. తక్కినవాళ్ళు మసక చీకటి అనేది ఆవిడకి నల్లటి గోడ. చిన్నప్పుడు అందరికీ అంతేననుకుంది. వాళ్ళకి ధైర్యం ఎక్కువ, తను పిరికిది, అందుకే తడుముకుంటోంది అనుకుంది. పెళ్ళయ్యాక ఆ సంగతి భర్త కనిపెట్టాడు. కనిపెట్టి, ఎవరితోనూ అనలేదు. పెందరాళే చీకటిపడే చలికాలంలో సైకిలు తెచ్చుకుని గ్రంథాలయం గేటు దగ్గర నిలబడేవాడు. "ఇటు పనుండి వచ్చా" అనేవాడు, ప్రతిరోజూ అదే మాట. ఆయన పోయి ఏడేళ్ళయింది. అప్పట్నుంచీ అడుగులు లెక్కపెట్టుకోవడమే. గేటు నుంచి మందుల షాపు దాకా నూట నలభై. అక్కడ ఎడమకి తిరిగితే చేతికి గోడ తగలాలి. గోడ అయిపోయాక అరవై రెండు, తర్వాత ఇంటి మెట్టు. ఒకసారి ఎవరో గోడవారగా బండి నిలిపితే మోకాలు చిట్లింది. మెట్టు జారానని కోడలికి చెప్పింది.

ఆ ఏడాది కొత్త లైబ్రేరియన్ మేడమ్ వచ్చింది. చెడ్డ మనిషి కాదు కానీ ఒకచోట కుదురుగా కూర్చోనిచ్చే రకం కాదు. వచ్చిన మూడో వారంలో అందర్నీ పిలిచి, వచ్చే నెల నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచుదామంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు పాపం ఎప్పుడొస్తారు మరి అంది. ఒక్కొక్కరికీ వారానికి రెండు సాయంత్రాలు పడతాయి. దానికి ముందు గుమ్మానికి ఎదురుగా కొత్త అర ఒకటి పెట్టాలి. పేరు "రాత్రి". ఏ విభాగమైనా సరే, రాత్రి గురించి రాసిన పుస్తకాలన్నీ ఏరి అందులో పేర్చాలి.

"అట్టలమ్మగారూ, ఆ పని మీదే. ఇక్కడ ఏ పుస్తకం ఎక్కడుందో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు" అంది మేడమ్.

పొగడ్త విని మురిసిపోవాల్సిన చోట ఆవిడకి ఆ లెక్కే చెవిలో మోగింది. వారానికి రెండు రాత్రులు. తొమ్మిది గంటలకి. నా వల్ల కాదండీ అనడానికి నోరు తెరిచింది. ఎందుకు కాదు అని అడిగితే ఏం చెప్పాలి? కళ్ళు కనబడని మనిషికి పుస్తకాలు కుట్టే పని ఎందుకంటారేమో. నోరు మూసుకుని తలూపింది.

పది రోజులు అరలన్నీ గాలించింది. దయ్యాల నవల దొరికింది, చివరి పేజీలు ఊడిపోతే పోయిన ఏడాది తనే కుట్టింది. ఒక అపరాధ పరిశోధన దొరికింది. నక్షత్రాల పటాల పుస్తకం, వెన్నెల మీద ప్రేమ కవితలు, గుడ్లగూబ పిల్ల నిద్రపోనని మారాం చేసే పిల్లల బొమ్మల పుస్తకం, రాత్రి డ్యూటీ నర్సులకి రాసిన చేతిపుస్తకం, వీధిదీపాలు వెలిగించేవాళ్ళ చరిత్ర, ఇలా ఒక్కొక్కటే బల్ల మీదికి చేరాయి. అట్టలు సరిచేస్తూ మధ్యమధ్య నాలుగు పేజీలు చదివేది. చదివినకొద్దీ గుబులెక్కువైంది. ఆ పుస్తకాల్లో రాత్రిపూట అందరికీ అన్నీ కనబడుతున్నాయి. దొంగకి తాళం కనబడుతోంది. ప్రియుడికి ఆమె ముక్కుపుడక మెరుపు కనబడుతోంది. దయ్యాల నవలలోవాడు తెల్లచీర చూసి గుండె ఆగి చచ్చిపోయాడు. వాడిని చూసి జాలిపడాల్సింది పోయి, పోనీలే, వాడికి కనబడింది అనుకుంది అట్టలమ్మ. నక్షత్రాల పుస్తకం ముందుమాటలో, మబ్బులేని రాత్రి మామూలు కంటికి రెండు మూడు వేల చుక్కలు కనిపిస్తాయని రాసి ఉంది. అది అచ్చుతప్పేమోనని రెండుసార్లు చదివింది. తన లెక్కలో ఆకాశంలో ఉండేవి చంద్రుడూ, ఇంకో రెండో మూడో.

ఆఖరున వైద్యం అరలో అడుగున పాత కంటి జబ్బుల పుస్తకం చేతికొచ్చింది. విషయసూచికలో ఏడో అధ్యాయం "రేచీకటి". రాత్రి అరలోకి ఇదీ పనికొస్తుందనుకుని తెరిచింది. తెరిచినదాన్ని మూయలేకపోయింది.

రేచీకటి రెండు రకాలట. ఒకటి తిండిలో పోషకాలు చాలక వచ్చేది, మందుతో పోతుంది. రెండోది పుట్టుకతో వెంట వచ్చేది. మొదట చీకట్లో కనబడదు. తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ పక్కచూపు తరిగిపోతూ వస్తుంది, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్నదే మిగులుతుంది. కొందరికి అదీ పోతుంది. రోగికి చాలాకాలం ఆ సంగతే తెలియదు, అందరూ తనలాగే చూస్తారనుకుంటాడు.

అట్టలమ్మ చుట్టూ ఎవరూ లేకుండా చూసి, ఎదుటి గోడ మీది గడియారం వైపే చూస్తూ రెండు చూపుడువేళ్ళనీ చెవుల పక్కకి మెల్లగా జరిపింది. చెంపల దాకా వెళ్ళకుండానే వేళ్ళు మాయమయ్యాయి. మళ్ళీ చేసింది. మళ్ళీ మాయమయ్యాయి. ఈమధ్య స్టూళ్ళు కాళ్ళకి ఎందుకు అడ్డం పడుతున్నాయో, పక్కన నిలబడ్డ మనిషి పలకరిస్తే ఎందుకు ఉలిక్కిపడుతోందో అప్పుడు అర్థమైంది.

అయినా ఆ భయం తన వరకే. దాన్ని ఎలాగో మింగేసేదే. అధ్యాయం చివర ఇంకో రెండు వాక్యాలున్నాయి. ఈ జబ్బు కుటుంబాల్లో దిగివస్తుంది. కొన్ని కుటుంబాల్లో తల్లికో తండ్రికో ఉంటే, బిడ్డల్లో ప్రతి ఒక్కరికీ సగానికి సగం వచ్చే అవకాశం ఉంది.

ఆవిడకి ఉన్నది ఒక్కడే కొడుకు. వాడు వ్యాను నడుపుతాడు. కుట్టుమిల్లులో రెండో షిఫ్టు ముగిశాక పన్నెండుమంది ఆడవాళ్ళని ఇళ్ళ దగ్గర దింపి వస్తాడు. రాత్రి పదింటికి బయల్దేరితే ఒంటిగంట దాటుతుంది.

ఆ సాయంత్రం ఇంటికి ఎలా చేరిందో ఆవిడకే తెలియదు. కొడుకు పెరట్లో వ్యాను కడుగుతున్నాడు. నాలుగేళ్ళ మనవరాలు బకెట్లో కాళ్ళు పెట్టి గంతులేస్తోంది. వ్యాను ఎడమ తలుపు మీద పొడుగాటి గీత ఉంది. రెండు నెలల క్రితం మిల్లు గేటు స్తంభం రాసుకుందన్నాడు. అంతకుముందు అద్దం విరిగితే ఎవరో రాయి విసిరారన్నాడు. అప్పుడు నమ్మింది. ఇప్పుడు ఆ గీతని కళ్ళప్పగించి చూసింది. చిన్నప్పుడు సాయంత్రమైతే వీడు తన కొంగు వదిలేవాడు కాదు. చీకటంటే భయం వీడికి, నా పిరికితనమే వచ్చింది అని భర్తతో నవ్వుతూ చెప్పేది.

వంటింట్లో కోడలిని మెల్లగా కదిపింది. వాడికి కళ్ళేమైనా నొప్పిగా ఉన్నాయంటున్నాడా అని అడిగింది. నొప్పేమీ లేదు అత్తయ్యా అంది కోడలు, పోయిన నెల వ్యానుకి ఇంకా పెద్ద లైట్లు వేయించాడు, పాతవి చాలట్లేదట. ఆ రాత్రి వ్యాను చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకుంది. రోజూ వచ్చే వేళ కంటే నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆ నలభై నిమిషాల్లో పన్నెండుమందినీ ఆవిడ మనసులో ఎన్నిసార్లు చంపి ఎన్నిసార్లు బతికించిందో.

అడిగేస్తే సరిపోయేది. కానీ అడిగితే తన సంగతి చెప్పాలి. చెప్పాక వాడు బండి దిగాలి. పెళ్ళాం, పిల్ల, ఇల్లు అన్నీ ఆ స్టీరింగు మీదే తిరుగుతున్నాయి. అంతా ఉత్త అనుమానమేమో అనుకునేది ఒక పూట. ఇంకో పూట రోడ్డు మీద ఏ బండి గట్టిగా బ్రేకు వేసినా పై ప్రాణాలు పైనే పోయేవి. ఇలా మూడు వారాలు గడిచాయి. తన మొదటి రాత్రి డ్యూటీ రానే వచ్చింది.

ఆ పొద్దున కొడుకుతో చెప్పింది. తొమ్మిదింటికి పనైపోతుంది, మిల్లుకి వెళ్ళేటప్పుడు నన్నూ ఎక్కించుకో, అందర్నీ దింపాక కలిసే ఇంటికొద్దాం అని. వాడి మొహం ఒక్క క్షణం మారింది. "నీకెందుకమ్మా అంత తిప్పట? ఇంటి దగ్గర దింపేసి వెళ్తాను" అన్నాడు. వద్దు, ఒక్కసారి నువ్వు తిరిగే దారి చూడాలనుంది అంది. ఎన్ని రకాలుగా చెప్పినా ఆవిడ పట్టు వదల్లేదు.

మిల్లు దాకా వీధిదీపాలున్న పెద్దరోడ్డే. గేటు దగ్గర ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ వ్యాను ఎక్కారు. అందర్లోకీ పెద్దావిడ ఒకామె ముందు తలుపు తీసి, సీట్లో అట్టలమ్మని చూసి ఆగిపోయింది. గుండీలు కుట్టే సెక్షన్లో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తోంది, అందరూ గుండీలక్క అంటారు.

"పెద్దమ్మా, కాస్త జరగండి. నేను ముందే కూర్చోవాలి" అంది.

వెనక సీట్లు ఖాళీగానే ఉన్నాయి కదా అని అట్టలమ్మ అనుకుంది కానీ, జరిగి చోటిచ్చింది. వ్యాను కదిలింది. మిల్లు దీపాలు దాటగానే ఆవిడకి లైట్లు పడ్డ ముక్క తప్ప ఏమీ కనబడలేదు. అందుకని రోడ్డు చూడడం మానేసి కొడుకుని చూసింది. వాడు స్టీరింగు మీదికి వంగిపోయి ఉన్నాడు. పిడికిళ్ళు బిగుసుకున్నాయి. గుండీలక్క మాట్లాడడం మొదలుపెట్టింది. మామూలు కబుర్లలాగే, మెత్తగా.

"ముందు గతుకుంది. ఆఁ, ఎడమ పక్కన సైకిలు. పోయాడు. ఇంకాస్త కుడికి. ఇప్పుడు మలుపు."

కొడుకు ఒక్కమాటా ఎదురు చెప్పకుండా ఆ మాటల వెంటే బండి పోనిస్తున్నాడు. వెనకనున్న వాళ్ళు ఎప్పుడు నోళ్ళు మూసుకున్నారో తెలియదు, వ్యానంతా నిశ్శబ్దమైపోయింది. అట్టలమ్మకి సంగతి అర్థమైంది. ఇది ఈరోజు కొత్తగా మొదలైంది కాదు. ఈ వ్యానులో అందరికీ తెలుసు. తెలిసే రోజూ ఎక్కుతున్నారు.

గిడ్డంగుల పక్క మలుపులో దీపాలు లేవు. గుండీలక్కకి దగ్గొచ్చింది. ఎంతసేపని, రెండు దగ్గులు. తలెత్తి చూసి, "ఆపు!" అని కేక పెట్టింది.

బ్రేకుకి అందరూ ముందుకి తూలారు. అట్టలమ్మ నుదురు అద్దానికి కొట్టుకుంది. ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో, తోపుడుబండి ఒకటి రోడ్డుకి అడ్డంగా ఉంది. దాని పక్కన ఒక ముసలాయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆ మనిషి అక్కడున్నట్టు తల్లికీ తెలియలేదు, కొడుక్కీ తెలియలేదు. లైట్లు పెద్దవే. మలుపులో అవి రోడ్డు మీద కాక గోడ మీద పడుతున్నాయి.

ముసలాయన నాలుగు తిట్లు తిట్టి బండి తోసుకుంటూ పోయాడు. వెనక నుంచి ఎవరో, "పర్లేదన్నా, నెమ్మదిగా పోనీ" అంది. ఆ గొంతులో కోపం లేకపోవడమే అట్టలమ్మని ఎక్కువ భయపెట్టింది. ఒక్కొక్కరే దిగుతుంటే, దిగిన ప్రతి మనిషీ ప్రాణాలతో తన గుమ్మం ఎక్కిందని మనసులో లెక్క పెట్టుకుంది. గుండీలక్క ఇల్లు తమ వీధికి రెండు వీధుల ఇవతలే. ఆమె ఆఖరున దిగుతూ, "పెద్దమ్మా, మేం చెబితే వాడి పొట్ట కొట్టినట్టవుతుందని ఊరుకున్నాం. మంచివాడు. కానీ ఇంట్లో పిల్లలు గుర్తొచ్చి రోజూ చచ్చి బతుకుతున్నాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇంటి ముందు బండి ఆపి కొడుకు ఇంజను కట్టేశాడు. దిగలేదు. ఆవిడా దిగలేదు.

"ఎప్పట్నుంచిరా?" అంది.

"ఏది?"

"కనబడకపోవడం."

చిన్నప్పట్నుంచీ అంతేనన్నాడు. రెండేళ్ళుగా మరీ ఎక్కువైందన్నాడు. లైసెన్సు పరీక్ష పగలు పెట్టారు కాబట్టి గట్టెక్కానన్నాడు. పెళ్ళానికి చెప్పలేదు, తల్లి కంగారుపడుతుందని తల్లికీ చెప్పలేదు.

"నాకూ అంతే నాన్నా" అంది ఆవిడ. "మా నాన్నకీ అంతే. నా నుంచే నీకొచ్చింది."

పుస్తకంలో చదివిందంతా చెప్పింది. వాడు వింటూ వింటూ ఆవిడ వైపు తిరిగాడు. "నీకు తెలుసు. నాకు బండి కొనిచ్చిన రోజు కూడా నీకు కనబడదని నీకు తెలుసు. ఒక్క మాట చెప్పలేదు."

జబ్బని తెలియదురా, నా ఒక్కదాని ఖర్మ అనుకున్నాను అంది. మూడు వారాలుగా తెలుసు కదా అన్నాడు. తెలుసు అన్నట్టు ఆవిడ తలూపింది. చెయ్యి చాపి తాళంచెవి లాగి, గుప్పిట్లో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి నడిచింది. వాడు వెనక నుంచి అన్న మాట వీధంతా వినబడింది. నోటికాడి కూడు లాగేశావన్నాడు.

మర్నాడు పొద్దున్నే లైబ్రేరియన్ మేడమ్ గదిలోకి వెళ్ళి, కూర్చోమనకముందే కూర్చుని, ముప్ఫై ఏళ్ళు దాచుకున్నదంతా పది నిమిషాల్లో చెప్పేసింది. మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ లోపే అట్టలమ్మ తన ఉద్యోగానికి నీళ్ళు వదిలేసుకుంది.

"పగలు కుట్టగలుగుతున్నారు కదా?" అని అడిగింది మేడమ్ చివరికి.

"కుట్టగలనండీ."

"అయితే పగలే కుట్టండి. ముందు డాక్టరుకి చూపించుకోండి, మీవాణ్ణి కూడా తీసుకెళ్ళండి."

కొడుకు వారం రోజులు ససేమిరా అన్నాడు. కోడలు ఏడవలేదు, అరవలేదు. గుండీలక్క దగ్గరకెళ్ళి అంతా కనుక్కుని వచ్చి, భర్త చొక్కా తీసి చేతికిచ్చి, పద అంది. కంటి డాక్టరు ఇద్దరినీ చీకటి గదిలో కూర్చోబెట్టి చుక్కల మందు వేసి చూశాడు. పుస్తకంలో ఉన్నదే చెప్పాడు, కాస్త మెత్తగా. దీనికి మందు లేదు. తల్లికి పక్కచూపు సగానికి పైగా పోయింది, ఎదుటి చూపు ఇంకా కొన్నేళ్ళు నిలబడొచ్చు. కొడుక్కి ఇప్పుడిప్పుడే మొదలు. రాత్రిపూట బండి ముట్టుకోకూడదు, ఆపైన పగలు కూడా వద్దనాల్సి రావచ్చు. పాపని ఆరేళ్ళు నిండాక తీసుకురండి, అప్పుడు పరీక్షకి సరిగ్గా కూర్చుంటుంది అన్నాడు. ఆ చివరి మాటకి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వ్యాను వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మిల్లు గోదాములో పగటిపూట బట్ట తానులు సర్దే పని దొరికింది కొడుక్కి. అది గుండీలక్క పుణ్యమే. తల్లితో మాత్రం ఐదు వారాలు మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఆవిడ ఆ కోపాన్ని తలొంచుకుని భరించింది. వాడి కోపం కంటే, బండి చప్పుడు కోసం చెవులు రిక్కించిన రాత్రులే ఎక్కువ బరువు.

ఐదో వారంలో ఒకరోజు పొద్దు గూకాక ఇంట్లో కరెంటు పోయింది. కోడలు పక్కింటికి వెళ్ళి ఉంది. హాల్లో ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయారు.

"అమ్మా, ఎక్కడున్నావు?" అన్నాడు కొడుకు. ఇన్నాళ్ళకి అదే మొదటి మాట.

"బీరువా పక్కన. నువ్వు?"

"గుమ్మం దగ్గర. కదలకు, కింద పీట ఉంది."

అంతలో వాళ్ళిద్దరికీ చిన్నపాదాల చప్పుడు వినబడింది. పాప పక్కగదిలోంచి పరుగెత్తుకొస్తోంది. మధ్యలో పీట ఉంది, బకెట్టుంది. ఆగమని అరవబోయింది అట్టలమ్మ, అంతలోనే పాదాలు హాల్లోకి వచ్చేశాయి. కొడుకు ఊపిరి బిగబట్టడం బీరువా దాకా వినబడింది. పాదాలు పీట దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కగా తిరిగి, మళ్ళీ పరుగందుకున్నాయి.

"నాన్నా, నువ్వెందుకు గోడ పట్టుకుని నుంచున్నావు?" అంది పాప.

వాడు కిందికి వంగి చేతులు చాపితే, పాపే వచ్చి ఆ చేతుల్లో పడింది. అది వాణ్ణి చూసింది. కిటికీలోంచి వచ్చే కాసింత వెలుతురులో చూసింది. డాక్టరు ఆరేళ్ళు నిండాకే చెబుతానన్నాడు, నిజమే. ఇంకా రెండేళ్ళుంది, ఆ రెండేళ్ళూ గుండె గుప్పిట్లో పెట్టుకునే గడపాలి. అట్టలమ్మ బీరువా పట్టుకుని అలాగే నేల మీద కూలబడింది.

"అమ్మా, ఏమైంది?" అన్నాడు కొడుకు చీకట్లోంచి.

"ఏం లేదు నాన్నా, కూర్చున్నాను" అంది.